మొలతాటి చక్రవర్తి

పోయిన నెల మా చిన్న చెల్లెలు నన్ను మద్రాసులో ఒక నగల అంగడికి లాక్కుపోయింది. దాని కూతురికి కాసుల పేరు చూడాలంట. నాకు నగల మీద మోజు లేదు. కానీ బేరం జరిగే చోట నోరున్న మనిషి ఒకరు పక్కన ఉండాలని మా ఇంట్లో నమ్మకం, ఆ నోరు నాదేనని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించి చాలా ఏళ్ళయింది.

అంగట్లో పిల్ల ఒక పేరు తీసి నల్ల మఖమలు గుడ్డ మీద పరిచింది. కాసుల మీద లక్ష్మీదేవి లేదు. తలకు ఆకుల దండ కట్టుకున్న ఒక మొగాయన పక్కకు తిరిగి, ముక్కు ముందుకు పెట్టుకొని ఉన్నాడు. పేరు పొడుగునా అదే ముక్కు.

రోమన్ కాయిన్ మోడల్ అని, ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారని ఆ పిల్ల చెప్పింది. ఈయన ఎవరమ్మా అని అడిగాను. ఎవరో రాజు అంది. ఏ రాజు అన్నాను. ఆ పిల్ల సూపర్‌వైజర్ వైపు చూసింది. చెల్లెలు నా మోచెయ్యి గిల్లింది. నేను ఒక కాసును వేళ్ళతో తిప్పి చూశాను. వెనక అంతా నున్నగా ఉంది.

"వెనక ఏమీ లేదే."

"వెనకవైపు ఎవరు చూస్తారు మేడమ్" అంది ఆ పిల్ల.

మా అవ్వ అయితే ఆ మాటకే లేచి మెట్లు దిగిపోయేది. నేను దిగలేదు, బయట ఎండగా ఉంది. చల్లగా కూర్చొని, వాళ్ళిచ్చిన కూల్‌డ్రింకు తాగుతూ, ఆ ముక్కునే చూస్తూ ఉండిపోయాను.

మా ఊరు అత్తిమంజేరిపేట నుంచి ఇంకా లోపలికి పోవాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కోపం వస్తే రెండూ. చెరుకు, చెనిక్కాయ పండించే కుటుంబం మాది. గానుగ ఆడే రోజుల్లో ఊరంతా బెల్లం పాకం వాసన, మిగతా రోజుల్లో ఉడికిన చెనిక్కాయల వాసన. ఈ రెండు వాసనల నడుమ మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి, రాజ్యం చేసేది. నోరు నాకు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే మా అమ్మ అవ్వ కూర్చున్న అరుగు వైపు చూసేది.

అవ్వ దగ్గర ఒక వెండి కాసు ఉండేది. పావలా అంత ఉంటుంది, కొంచెం మందం. పైన అంచు దగ్గర ఒక రంధ్రం. మా ఇంట్లో బిడ్డ పుడితే పేరు పెట్టే రోజున ఆ కాసును నల్ల దారానికి గుచ్చి మొలతాడుగా కట్టేవాళ్ళు. తిరుత్తణి కొండ మీద గుండు కొట్టించే దాకా విప్పకూడదు. గుండు అయినాక విప్పి, పసుపు నీళ్ళలో కడిగి, అవ్వ తన వక్కాకు పెట్టె అడుగున దాచేది. మళ్ళీ బిడ్డ పుడితే మళ్ళీ బయటికి. మా నాయన, ఇద్దరు అత్తలు, నేను, నా తరువాతిది, మా చిన్న చెల్లెలు, అందరం దాన్ని మోసినవాళ్ళమే. అంతకు ముందు ఎందరు మోశారో అవ్వకే తెలియదు. ఎప్పుడో బావి తవ్వుతుంటే కుండలో దొరికాయని, మిగతావన్నీ కరిగించి కాళ్ళ కడియాలు చేయించుకున్నారని, ఇది మాత్రం అమ్మవారు కాబట్టి ఉంచారని చెప్పేది.

కాసు మీద ఒకవైపు ఎత్తైన పీట మీద కూర్చున్న ఒక ఆడమనిషి. ఒక చేతిలో పొడుగాటి కర్ర, ఇంకో చేతిలో కొమ్మ. కర్ర శూలమట, కొమ్మ వేపమండ. మా పక్క వేపమండ పట్టుకొని కూర్చునే ఆడమనిషి ఎవరో చంటిబిడ్డకు కూడా తెలుసు. రెండోవైపు ఎవరో మొగాయన తలకాయ. ఆయన గుడి వాకిట్లో కావలివాడి లాంటివాడని అవ్వ తేల్చేసింది. అందుకని కట్టేటప్పుడు ఒక నియమం: అమ్మ వైపు బయటికి ఉండాలి, కావలివాడు బిడ్డ పొట్టకు ఆనుకొని ఉండాలి. తిరగబడితే ఎవరు చూసినా సరిచెయ్యాలి. బడి నుంచి వచ్చి సంచీ పడేసి ముందు చిన్న చెల్లెలి కాసు సరిచెయ్యడం నా పని.

మా అమ్మ తమ్ముడు, మా మామ, తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. సన్నగా, పొడుగ్గా, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ భుజం మీదుగా చూసే మనిషి. రెండో శనివారం వచ్చిందంటే అరక్కోణంలో బండి మారి, తిరుత్తణిలో బస్సెక్కి, అక్కకు మల్లెపూలు, మాకు పకోడీ పొట్లం తీసుకొని వచ్చేవాడు. పూలకు పకోడీ వాసన, పకోడీకి రైలు పొగ వాసన.

పూలూ పకోడీ పంచేశాక ఒక బిస్కెట్ డబ్బా తీసేవాడు. అందులో రోము కాసులు. అనగానే బంగారం అనుకోవద్దు. చెనిక్కాయ పప్పంత రాగి బిళ్ళలు, పచ్చగా పాచి పట్టినవి, తిరువళ్ళూరు బజారులో పాత ఇత్తడి సామాన్ల అంగళ్ళలో తూకానికి వచ్చినవాటిలోంచి ఏరుకొచ్చినవి. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కొక్క దాంట్లో, ఎండిన చెరువులో అడుగు కనిపించినట్టు, ఒక గడ్డమో ఒక మెడో కనిపించేది. కాలేజీలో చరిత్ర చదివి ఆ చరిత్రతో ఏం చెయ్యాలో తెలియక మామ ఈ పని పెట్టుకున్నాడని మా నాయన అనేవాడు. నాయన మాటలో తప్పేమీ లేదు.

లైబ్రరీ నుంచి ఒక లావాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, గడువు తీరగానే తిరిగి ఇచ్చి, మళ్ళీ అదే తెచ్చుకునేవాడు. దాంట్లో చక్రవర్తుల కాసుల ఫోటోలు. ఇంగ్లీషు రాని నాకు మామ ముఖాలు నేర్పించాడు. మెడ మీద మడతలుంటే నీరో. బట్టతల, నుదుటి మీద గీతలు, మొరటు రైతు ముఖం ఉంటే వెస్పేసియన్. ఎంత ముసలివాడైనా కుర్రవాడిలా చెక్కించుకుంటే అగస్టస్. గడ్డం ఉందంటే హేడ్రియన్ అయినా కావాలి, ఆయన తరువాత వచ్చినవాడైనా కావాలి. అంతకు ముందు వాళ్ళందరూ నున్నగా గీయించుకునేవాళ్ళే.

ఈ చదువు నాకు బాగా పనికొచ్చింది. పాల కేంద్రంలో పాలు కొలిచే ఆయన నీరో అయ్యాడు. మా హెడ్మాస్టరు వెస్పేసియన్. జుట్టుకు రంగు వేసుకునే మా పెద్దత్త మొగుడు అగస్టస్. ఈ పేర్లు బడి పిల్లలందరికీ పాకాయి. ఎందుకు పిలుస్తున్నారో తెలియకపోయినా ఆ పాలాయన నీరో అంటే తిట్టే అయి ఉంటుందని ఊహించి మా నాయనతో చెప్పాడు. నాయన నన్ను నిలదీస్తే, అది చాలా పెద్ద రాజు పేరని, కావాలంటే మామను అడగమని అన్నాను. మామ అవునన్నాడు. ఊరు తగలబడే కథ ఇద్దరమూ చెప్పలేదు.

మా చిన్న చెల్లెలు పుట్టిన తరువాతే మామ కంట్లో అవ్వ కాసు పడింది. నా పొట్ట మీద, నా తరువాతిదాని పొట్ట మీద కూడా చూసే ఉంటాడు. అప్పటికి ఆయనకు ఈ పిచ్చి లేదు. పిచ్చి పట్టాకే కొన్ని కనిపిస్తాయి. ఊయలలోంచి చెల్లెల్ని ఎత్తుకున్నవాడు ఎత్తుకున్నట్టే నిలబడిపోయాడు. అవ్వను అడిగితే మొలతాడు విప్పనివ్వదు. అందుకని నాకు ఒక పల్చటి కాగితం, పెన్సిలు ఇచ్చి, చెల్లెలు నిద్రపోయాక కాసు మీద కాగితం పరిచి రుద్దమన్నాడు. రుద్దాను. పీట, కర్ర, కొమ్మ, కూర్చున్నామె మోకాళ్ళ మీది చీర కుచ్చిళ్ళ లాంటి మడతలు అన్నీ కాగితం మీదికి వచ్చాయి. కాసు తిప్పి రెండోవైపు రుద్దితే ఒక ముక్కు గీత, అంచున నాలుగైదు అక్షరాలు, అంతే. చెల్లెలు లేచి ఏడ్చింది. కాగితం తీసుకొని మామ కిటికీ దగ్గరికి పోయాడు. తిరిగి వచ్చేసరికి ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

అవ్వ అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తోంది. మామ ఆమె ముందర గొంతుకూర్చొని, అది రెండు వేల ఏళ్ళ నాటిదని, సముద్రాల అవతల రోము అనే పట్నం నుంచి వచ్చిందని, మన మిరియాలు కొనడానికి వాళ్ళు వెండి పంపించేవాళ్ళని, దాని మీద ఉన్నది టైబీరియస్ అనే చక్రవర్తి అని ఒక్క ఊపిరిలో చెప్పాడు.

"అయితే మిరియాల యాపారి" అంది అవ్వ.

"యాపారి కాదత్తా, రాజు. ముందరవైపు ఉండేది ఆయన. వెనకవైపు ఉండేది..."

"ఏది ముందరవైపు?" అవ్వ చెయ్యి ఆగింది.

ఆ వాదన మధ్యాహ్నం సంగటి దాకా నడిచింది. రాజు తల ఉన్నదే ముందరవైపని ప్రపంచమంతా ఒప్పుకుందని మామ. ఆ ప్రపంచం తన ఇంటికి వచ్చి చెప్పలేదని అవ్వ. నేను మామ పక్షం, నాకు రాజుల పేర్లు తెలుసు కాబట్టి. మా అమ్మ ఏ పక్షమూ కాకుండా ఊరిబిండి నూరుతోంది. చివరికి అవ్వ అడిగింది, సరే, వెనక కూర్చున్న ఆ ఆడమనిషి ఎవరని నీ పుస్తకంలో రాసుంది అని. మామ అబద్ధం చెప్పలేని మనిషి. శాంతిదేవత అంటారని, కాదు, ఆ రాజును కన్నతల్లే అని కూడా కొందరు అంటారని నసిగాడు.

"నేను చెప్పింది అదే గదా. అమ్మ."

"అమ్మవారు కాదత్తా, ఆయన అమ్మ."

"ఎవురికో ఒకరికి అమ్మే గదా. కన్నకొడుకు పెట్టుకున్నాడు, నేనూ పెట్టుకున్నా. దీంట్లో నీకేం కష్టమొచ్చింది?"

మామకు నిజంగానే కష్టం వచ్చింది. రుద్దిన కాగితాన్ని ఆమెకు చూపించాడు, అరిగిపోయిన వైపు. "పిల్లోళ్ల పొట్టకు రుద్ది రుద్ది చక్రవర్తి మొగమే తుడిచేసినారే" అన్నాడు. గొంతు కొంచెం లేచింది.

అవ్వ కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "బిడ్డల పొట్ట మీద పండుకోని అరిగిపోయినాడు. రాజులకు అంతకంటే మంచి సావు యాడుంది అబ్బయ్యా" అని మళ్ళీ చెనిక్కాయలు అందుకుంది.

అప్పటికి మామ ఆ కాసు కావాలని అడగలేదు. దగ్గర పెట్టుకొని చూసుకోవడానికి ఆయన రాగి బిళ్ళలు ఆయనకు ఉన్నాయి. అవి పోయిన తరువాతే ఆ మాట వచ్చింది, అదీ మా అమ్మ నోటి నుంచి.

తరువాతి నెల ఏదో సెలవు కలిసొచ్చి మామ ఒక రోజు ముందే వచ్చి, డబ్బా గూట్లో పెట్టి, నాయనతో పాటు చెరుకుతోటకు పోయాడు. అది శుక్రవారం. దీపం కుందులు తోమే రోజు. చింతపండు పులుసు, బూడిద, కొబ్బరి పీచు, అన్నీ బావి గట్టున సిద్ధంగా ఉన్నాయి. మా అమ్మకు తమ్ముడంటే ప్రాణం. వాడు ప్రాణంగా చూసుకునే వస్తువులు ఇంత మురికిగా ఉన్నాయే, పెళ్ళి కాని మొగోడికి ఎవరు తోమిపెడతారు అనుకుంది. అనుకొని తోమింది. ఒక్కొక్కటి వేలి మీద పెట్టుకొని, ఓపికగా, ముక్కుపుడక తోమినట్టు తోమింది. మామ వచ్చేసరికి కుందుల పక్కన తెల్ల గుడ్డ మీద ఎర్రగా, తళతళా, కొత్త రాగి బొట్టుబిళ్ళల్లాగా వరుసగా ఉన్నాయి. ఆ పాచిలోనే ముఖాలున్నాయి. పాచితో పాటు ముఖాలూ పోయాయి. గడ్డాలు లేవు, మెడలు లేవు.

మామ ఒకటి తీసి చూశాడు. ఇంకొకటి తీసి చూశాడు. "బాగున్నాయక్కా" అన్నాడు. కాళ్ళు కడుక్కొని వచ్చి, సంగటి ముద్ద రెండోసారి కూడా వడ్డించుకొని తిన్నాడు.

ఆయన పోయాక ఏం జరిగిందో మా అమ్మకు నేను వివరించాను. వివరించడం నాకు అప్పటి నుంచే ఇష్టం. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లవారి అవ్వ దగ్గరికి పోయి, గుండు అయినాక ఆ కాసు తన తమ్ముడికి ఇమ్మని అడిగింది. ఆ ఇంట్లో కాపురానికి వచ్చి అన్నేళ్ళలో మా అమ్మ నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం అదే మొదలు. నేను తలుపు పక్కనే ఉన్నాను, ఎక్కడా లేనట్టు.

అవ్వ కోప్పడలేదు. చిన్నదాని తరువాత మా అమ్మ ఆపరేషన్ చేయించుకుంది. ఇక ఈ ఇంట్లో ఆ కాసు కట్టడానికి బిడ్డ పుట్టదు. అందుకని గుండు రోజునే దాన్ని కొండ మీద సామి హుండీలో వేస్తానని అవ్వ ఎప్పుడో మొక్కుకుంది. పని అయిపోయిన దేవతను ఇంట్లో ఊరికే కూర్చోబెడితే ఆమె ఊరికే కూర్చోదట. "నీ తమ్ముడు డబ్బాలో పెడతాడు. డబ్బాలో ఆమె ఎవురిని కాచుకోవాల?" అంది. ఆ తరువాత, కోడలి మొహం చూసి కాబోలు, ఒక మాట కలిపింది. హుండీలో వేసేది మాత్రం మేనమామే. బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాడు, మొలతాడు విప్పేవాడు ఆయనే కాబట్టి ఆయన చేతి మీదుగానే పోవాలి.

అవ్వ అది గౌరవంగానే ఇచ్చింది. ఆకలితో ఉన్నవాడి చేతికి విస్తరి ఇచ్చి ఆవుకు పెట్టి రమ్మన్నట్టు ఉందని నాకు అనిపించింది.

వేసవి సెలవులకు నన్ను తిరువళ్ళూరు పంపారు. అమ్మమ్మ ఇల్లు రైలు కట్టకు దగ్గర. బండి పోతే గూట్లో గాజు గ్లాసులు ఒకదానితో ఒకటి గుసగుసలాడేవి. ఆదివారం పొద్దున మామతో కలిసి పాత సామాన్ల అంగళ్ళు తిరిగేదాన్ని. చీకటి కొట్లు, ఇత్తడి కంపు, గోనె సంచుల్లో పగిలిన చెంబులు, ఒక కొబ్బరి చిప్పలో చెల్లని నాణేలు. మామ ఆ చిప్పను ఒడ్లు చెరిగినట్టు చెరిగేవాడు. తోమిన వాటి స్థానంలో ఇంకో రోము బిళ్ళ ఆ వేసవిలో దొరకలేదు. ఇంగ్లీషు రాజుల వెండి నాణేలు దొరికేవి. వాటిని మామ ఎప్పుడూ చిప్పలోకే విసిరేసేవాడు. జార్జులు ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్ళను పోగెయ్యడం బొద్దింకల్ని పోగెయ్యడం లాంటిది అనేవాడు.

ఒక ఆదివారం మాత్రం ఒక జార్జి వెండి పావలాను చేతిలో ఉంచుకొని చాలాసేపు చూశాడు. మందం చూశాడు. రాజు తల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. కొన్నాడు. జార్జి ఎందుకు మామా అంటే, ఊరికే అన్నాడు. ఊరికే ఏదీ కొనని మనిషి అన్నాడు కాబట్టి నాకు ఆ పావలా గుర్తుండిపోయింది.

సెలవులు అయిపోయి మామ నన్ను ఊళ్ళో దించడానికి వస్తున్నప్పుడు తిరువాలంగాడులో బండి చాలాసేపు ఆగింది. కిటికీ పక్కన నూకలు ఏరుకుంటూ పిచుకలు. నేను చాలా రోజులుగా దాచుకున్న పాయింటు అప్పుడు తీశాను.

"హుండీలో ఏసేది నువ్వే గదా మామా. ఏసినట్టు ఏసి ఎయ్యకపోతే ఎవురికి తెలుస్తుంది?"

"సామికి తెలీదా?"

"సామికి రోము రాజులతో ఏం పని?"

మామ కిటికీలోంచి బయటికి చూశాడు. ఇలాంటి ప్రశ్నకు పెద్దవాళ్ళు నెత్తిన మొట్టికాయ వేస్తారు. ఆయన వెయ్యలేదు. అంటే ఆ ప్రశ్న ఆయనకు కొత్త కాదని నాకు అర్థమయింది. అర్థమై సంతోషించాను కూడా. మా పక్షం గెలుస్తుందని.

ఆడి కృత్తిక పండగకు వచ్చే కావడి గుంపులో చంటిబిడ్డను నలిపేస్తారని, దానికి ముందే ఒక మంగళవారం కొండకు పోయాం. పొద్దున్నే ఎండ. మెట్లు ఎక్కుతుంటే అవ్వ ముందు, మేము వెనక. గుండ్లు కొట్టే మండపంలో తడి వెంట్రుకల వాసన, సబ్బు వాసన, ఇవతలికి వస్తే గంధం, కర్పూరం. ఎటు చూసినా పసుపు రంగు గుడ్డలు, గంధం పూసిన గుండ్లు. ఆ మండపంలో నేను మనసులో వెస్పేసియన్లను లెక్కపెట్టడం మొదలుపెట్టి, అందరూ వెస్పేసియన్లే కావడంతో మానేశాను.

మామ పంచె కట్టుకొని, చొక్కా విప్పి, బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. చెల్లెల్ని ఆయన ఒళ్ళో పెట్టారు. మంగలి దాని తల మీద నీళ్ళు చల్లగానే అది గొంతు చించుకుంది. ఒక చేత్తో మామ చెవి పట్టుకుంది, ఇంకో చేత్తో తన కాసు. తాయ్‌మామన్ గట్టిగా పట్టుకోవాలని మంగలి తమిళంలో కసిరాడు. మేనమామ గట్టిగానే పట్టుకున్నాడు. వెంట్రుకలు ఆయన మోకాళ్ళ మీద, చేతుల మీద రాలాయి. అన్నీ అయినాక మొలతాడు విప్పమంది అవ్వ. పిల్ల పిడికిలి వదలదు. ఒక్కొక్క వేలే విడదీసి, దారం విప్పి, మామ కాసును తీసుకున్నాడు.

ఆ కాసు ఆయన చేతిలోకి వచ్చింది అప్పుడే, అంతకు ముందు ఎప్పుడూ కాదు. అరచేతిలో పెట్టుకొని బరువు చూశాడు. రాజు వైపు చూశాడు. తిప్పి అమ్మ వైపు చూశాడు. ఆయన ఏదో గొప్ప మాట, పుస్తకంలో మాట అంటాడని నేను పక్కనే నిలబడి ఎదురుచూస్తున్నాను.

"వెచ్చగా ఉందే" అన్నాడు.

అంతే. ఏడ్చిన బిడ్డ పొట్ట మీది వస్తువు వెచ్చగా కాక ఎట్లా ఉంటుంది. నాకు చిరాకు వచ్చింది.

స్నానాలయ్యాయి. చెల్లెలికి గుండుకు గంధం, కొత్త గౌను, కొత్త మొలతాడు. మామ చొక్కా వేసుకున్నాడు. వరుసలో నిలబడ్డాం. దర్శనం అయి హుండీ దగ్గరికి వచ్చేసరికి మామ కుడి పిడికిలి మూసి ఉంది, ఎడమ చెయ్యి చొక్కా పక్కజేబులో ఉంది. మా అమ్మ తమ్ముడి వైపు చూడకుండా గోపురం వైపు చూస్తోంది. నేను మామ మణికట్టు తప్ప ఇంకేదీ చూడటం లేదు.

అప్పుడు అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "అమ్మ మొగము ఒక్కసారి సూపించి వెయ్యి అబ్బయ్యా" అంది.

మామ కుడి పిడికిలి తెరిచాడు. అమ్మవారు పైకి ఉంది. పీట, కర్ర, కొమ్మ. అవ్వ రెండు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. మామ చెయ్యి హుండీ నోట్లో పెట్టి వదిలేశాడు. లోపల చిల్లర మీద చిల్లర పడిన చప్పుడు. రెండు వేల ఏళ్ళకు ఇంకొంచెం పెద్ద చప్పుడు ఉంటుందనుకున్నాను.

కొండ దిగేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. కింద దొన్నెలో చక్కెర పొంగలి పెట్టిస్తే, నెయ్యి బాగా వేశారు కాబట్టి, మాట్లాడాను.

ఆ తరువాత మామ రోము మాట ఎత్తలేదు. పెళ్ళి చేసుకున్నాడు. ఆఫీసులు మారాడు. విజయనగరం కాలం నాటి రాగి కాసుల మీదికి మళ్ళాడు. అవి తోమినా ఫరవాలేదని మా అమ్మతో నవ్వుతూ అనేవాడు. అమ్మ నవ్వేది కాదు. అవ్వ పోయింది, తరువాత అమ్మ, రెండేళ్ళ కిందట మామ. ఆయన పిల్లలకు ఈ బిళ్ళల మీద ఆసక్తి లేదు. ముఖాలు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి బిస్కెట్ డబ్బా నా దగ్గరికి వచ్చింది.

మూత తీస్తే పైన విజయనగరాలు. అడుగున ఒక పొట్లంలో మా అమ్మ తోమిన బిళ్ళలు, మళ్ళీ నల్లబడ్డాయి కానీ ముఖాలు తిరిగి రాలేదు. నేను పెన్సిలుతో రుద్దిన కాగితం. ఆ కాగితంలో చుట్టి జార్జి వెండి పావలా. పైన అంచు దగ్గర రంధ్రం, సరిగ్గా అవ్వ కాసుకు ఉన్న చోటే. ఆ రంధ్రం చుట్టూ, అరిగినట్టు కనిపించడానికి ఆకురాయితో రాసిన గీతలు. దాంట్లో ముడి వెయ్యని నల్ల దారం.

ఆ మంగళవారం ఎడమ జేబులో ఏముందో నాకు అప్పుడు తెలిసింది.

దీని మీద నాకూ చెల్లెలికీ తగువు. మేనకోడల్ని ఒళ్ళో పెట్టుకున్న చేత్తో మామ మోసం చెయ్యలేకపోయాడని దాని వాదన. దాని గుండు గురించి కాబట్టి దానికి అట్లాగే ఉంటుంది. నా వాదన వేరు. మామకు చివరిదాకా రాజు వైపే ముందరవైపు. అందుకే రాజు తల ఉన్న పావలా వెతికి, రంధ్రం పొడిపించి, అంత కష్టపడ్డాడు. వెనకవైపు సంగతే మరిచిపోయాడు. ఆ పావలా వెనక ఒక పూలతీగ, నడుమ ఇంగ్లీషు అక్షరాలు, అంతే, అమ్మ లేదు. అవ్వ అమ్మ మొగం చూపించమని అడిగేసరికి దొరికిపోయి అసలు కాసు వేశాడు. భక్తీ కాదు, ప్రేమా కాదు, చదువుకున్నవాడి పొరపాటు. ఈ వాదనతో రెండేళ్ళు చెల్లెలి నోరు మూయించాను.

నగల అంగట్లో ఆ నున్నటి వెనకవైపును వేలితో రుద్దుతూ కూర్చున్నప్పుడు ఆ హుండీ ముందర మామ చేతులు మళ్ళీ కనిపించాయి. ఆ రోజు నేను వాటిని తప్ప ఇంకేదీ చూడలేదని చెప్పాను కదా. అవ్వ అడగక ముందే కుడి పిడికిలి మూసి ఉంది. ఆమె అడగగానే అదే పిడికిలి తెరిచాడు. ఎడమ చెయ్యి జేబులోంచి బయటికి రానేలేదు. మార్చడానికి వ్యవధి లేదు. అంటే ఆమె నోరు తెరవక ముందే, ఆ వరుసలో ఎక్కడో, బహుశా ఆ మండపంలోనే, అసలు కాసే కుడి చేతిలో ఉండాలని ఆయన తేల్చుకున్నాడు. సాక్షిని నేనే. నా సాక్ష్యమే నా వాదనను కొట్టేసింది.

చెల్లెలికి ఆ మాట ఇంకా చెప్పలేదు. దానికి ఆ సంతోషం ఇవ్వడానికి తొందరేమీ లేదు. రెండువైపులా ముద్ర ఉన్న లక్ష్మీ కాసుల పేరే తీయించాను, అంగడి పిల్ల మొహం మాడ్చుకున్నా సరే.

పావలా నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. జార్జి గడ్డంలో వెంట్రుకలు, కిరీటంలో రాళ్ళు, చెవి తమ్మె, అన్నీ నిన్న ముద్ర వేసినట్టే ఉన్నాయి. ఏ బిడ్డ పొట్ట మీదా పండుకోలేదు కదా.